అక్కకి కనబడని నది

తెరల ఇంటి అక్క తమ్ముడి నదిని తొక్కేసిందని కుట్టుమిషనావిడ ఇస్త్రీ ఆయనతో అందట. ఎండిన నది కూడా కాదట, ఇంకా తడి ఆరని నది. వట్టి కాళ్ళతో, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, పెరట్లో బట్టలారేసుకోడానికి పోతున్నట్టు తాపీగా నడిచిపోయిందట. కిటికీ ఊచలు పట్టుకుని తను కళ్ళారా చూసిందట. "కడుపుమంట కాకపోతే ఏమిటండీ అది? ఒక్క కడుపున పుట్టినవాళ్ళే ఇలా తొక్కితే ఇక బయటివాళ్ళననేదేముంది" అని ఆవిడ వాపోతే, ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి, "కాళ్ళకి రంగంటిందా?" అని అడిగాడట. "అంటకేం, గడప దాకా నీలం అడుగులే" అందట. ఆయన ఆ మాటని కూడా మడత పెట్టి, ఇస్త్రీ చేసిన చొక్కాలతో పాటు ఇంటింటికీ పంపించాడు. సాయంత్రమయ్యేసరికి అక్క నదిలో దిగి కావాలనే గంతులు వేసిందన్న దాకా వచ్చింది.

కుట్టుమిషనావిడ చూసింది అబద్ధం కాదు. ఆవిడకి కిటికీలోంచి కనబడనిది మాత్రం చాలా ఉంది.

ఆ ఇంట్లో నాటకాలకి తెరలు తయారుచేస్తారు. రాజభవనం కావాలన్నా, అడవి కావాలన్నా, పేదవాడి వంటగది కావాలన్నా గుడ్డ మీద రంగులతో వేసి, కర్రకి చుట్టి పంపుతారు. ఇల్లంటే ముందువైపు రెండు చిన్న గదులు, వెనకంతా ఒక్కటే పెద్ద సావడి. పైకప్పులో అద్దాలు బిగించి ఉంటాయి. దీపం కింద నీలం ఆకుపచ్చలా, పసుపు తెల్లగా కనబడి మోసం చేస్తాయని పనంతా పగటి వెలుతురులోనే. గుడ్డని నేల మీద పరిచి, జిగురు పట్టించి, ఆరాక పొడుగు పిడి కుంచెలతో నిలబడి వేస్తారు. పొడిరంగు జిగురునీళ్ళలో తడిగా ఉన్నప్పుడు ఒక తీరు, ఆరాక ఒక తీరు. పైగా అంత పెద్ద గుడ్డ మీద నిలబడ్డవాడికి తన కాళ్ళ చుట్టూ ఉన్నది తప్ప ఏమీ తెలియదు. తను వేస్తున్నది ఏనుగు చెవో అరటాకో కూడా ఒక్కోసారి అనుమానమే.

అందుకని వాళ్ళ తాత నాటి నుంచీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒకరు తెర వేస్తే ఇంకొకరు అటకెక్కి పైనుంచి చూడాలి. చూసి, దిగొచ్చి, తప్పున్న చోట సుద్దముక్కతో సున్నా చుట్టాలి. వేసినవాళ్ళు అక్కడ దిద్దాలి. తోబుట్టువు సుద్ద పడని తెరని చుట్టి గడప దాటించకూడదు. ఆ ఇంటి తండ్రి తెరల మీద ఆయన చెల్లెలు సుద్ద పెట్టేది. ఇద్దరూ పోయాక అక్క తమ్ముడికీ, తమ్ముడు అక్కకీ పెడుతున్నారు.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "గోడంత గుడ్డలు పరుచుకుని ఉన్నాను, మధ్యలో మొగుణ్ణెక్కడ నిలబెట్టను" అనేది. మాట కొంచెం కరుకు, చూపు అంతకంటే కరుకు. తమ్ముడు మబ్బులు వేస్తే, "దుప్పట్లు పిండకుండా ఆరేశావురా" అనేది. మేడమెట్లు వేస్తే, "ఇవి ఎక్కినవాడు రెండో అంకానికి కుంటుకుంటూ వస్తాడు" అనేది. ఒకసారి నిండు చంద్రుణ్ణి చూసి, "పాపం, గవదబిళ్ళలు ఎప్పుడు తగ్గుతాయట?" అని అడిగింది. అన్నీ నిజాలే. అదే తమ్ముడికి మింగుడుపడేది కాదు. తను అక్క తెర మీద సుద్ద పెడితే ఆవిడ మారుమాట్లాడకుండా వంగి దిద్దుకునేది. అది ఇంకా మింగుడుపడేది కాదు. ఎవరైనా వచ్చి ఆ అడవి ఎంత బాగుందయ్యా అంటే, బాగున్నది తను వేసిన చోటో, అక్క దిద్దించిన చోటో అని లోపల పురుగు తొలిచేది.

ఇలా ఉండగా నాటకశాల యజమాని వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ముందు తెర చివికిపోయింది, కొత్తది కావాలన్నాడు. "ఇద్దరూ చెరొకటి వెయ్యండి. నాకు నచ్చింది ముందు కడతాను, రెండోది లోపల కడతాను. ముందు తెర మూలన వేసినవాళ్ళ పేరు ఉండాలి. ఇన్నేళ్ళుగా మీ దగ్గర కొంటున్నా, ఏది ఎవరి చెయ్యో నాకే తెలియదు" అన్నాడు.

అక్క వీధి వేస్తానంది. తమ్ముడు నది అన్నాడు.

"నీళ్ళు కష్టంరా" అంది అక్క.

"వేసేది నేనేగా" అన్నాడు తమ్ముడు.

ఇక్కడ పెరటివాళ్ళ సంగతి చెప్పాలి. కథల్లో వీళ్ళని దేవకన్యలంటారు, రెక్కలు తగిలిస్తారు, వీణలు చేతికిస్తారు. ఆ వీధిలో ఎవరూ రెక్కలు చూడలేదు. చంటిపిల్లంత ఎత్తు, బాగా పండిన ముసలి మొహం, వెనక గోడ పగుళ్ళలో కాపురం. వాళ్ళకి సొంతంగా రంగు ఉండదు. గాలి ఎంత కనబడుతుందో అంతే కనబడతారు. అందుకే తెరల ఇంటి వెనక ఎక్కువగా చేరతారు. కుంచెలు కడిగిన నీళ్ళు తొట్టి నుంచి కాలవలోకి పోతాయి కదా, ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఆ రోజు రంగు ఒంటికి ఎక్కుతుంది. వాళ్ళతో చిన్నాచితకా బేరాలు వీధిలో అందరికీ ఉన్నవే. కుట్టుమిషనావిడ దారం తెగని చెయ్యి తెచ్చుకుని, బదులుగా తుమ్ములు ఇచ్చేసింది. ఇప్పుడు తుమ్ము వచ్చే మొహం పెడుతుంది, అది రాదు, కాసేపు అలాగే నిలబడి పనిలో పడుతుంది. ఇస్త్రీ ఆయన గుడ్డ మాడని పెట్టె కోసం మధ్యాహ్నం కునుకు ఇచ్చుకున్నాడు. ఆ తీరిక వేళలోనే వీధి కబుర్లన్నీ ఆయన దగ్గర పోగుపడేవి.

నదికి బొగ్గుతో గీతలు వేసుకున్న రోజు మధ్యాహ్నం తమ్ముడు తొట్టి దగ్గర కుంచె కడుగుతున్నాడు. కాలవ గట్టు మీద పెరటావిడ కూర్చుని ఉంది. అక్క పొద్దున ఆకుపచ్చ వాడింది కాబట్టి మోకాళ్ళ దాకా ఆకుపచ్చగా ఉంది.

"మొహం అలా ఉందేం అబ్బాయ్? అక్క సుద్ద పెట్టిందా?"

"ఇంకా పెట్టలేదు. పెడుతుంది."

"పెడితే దిద్దుకో. మీ నాన్న దిద్దుకోలేదూ, మీ మేనత్త పెట్టినవి?"

"అందుకే మా నాన్న తెరలు సగం మా నాన్నవి కావు" అన్నాడు తమ్ముడు. కుంచె విదిలించాడు. "నాకొకటి కావాలి. ఈ నదితో మొదలుపెట్టి, నేను వేసే ఏ తెరలోనూ అక్కకి తప్పు కనబడకూడదు."

"చెయ్యి బాగుచెయ్యమని అడగవేం?"

"నా చేతికేమైంది? బాగానే ఉంది."

పెరటావిడ కాళ్ళు రెండూ నీళ్ళలో ఆడించింది. "తప్పుల్ని మాత్రం ఏరి పక్కన పెట్టడం మా వల్ల కాదబ్బాయ్. అవి బియ్యంలో రాళ్ళు కావు. తీస్తే అన్నీ కలిపి తియ్యాలి."

"మీకెలా కుదిరితే అలా తియ్యండి. ఆవిడ సుద్ద పెట్టకపోతే నాకు చాలు."

ఆ ముక్కకి అర్థమేమిటని అడిగి ఉంటే ఆవిడ చెప్పేది. పెరటివాళ్ళు అడిగినదానికి దాచరు. అతను అడగలేదు. బదులుగా ఏమివ్వాలని మాత్రం అడిగాడు.

"పని ఆపి ఒక అడుగు వెనక్కి వేస్తావు చూడు. వేసి, చూసుకుని, ఎవరికీ చెప్పకుండా లోపల్లోపల మురుస్తావు. ఆ మురిపెం ఇవ్వు."

"అది మీకెందుకు?"

"మా దగ్గర లేదు కనక."

పాత చొక్కా ఒకటి ఇమ్మంటే ఇచ్చినంత తేలిగ్గా, "తీసుకోండి" అన్నాడు.

మర్నాడు నీళ్ళకి మొదటి పూత పడింది. అక్క అటకెక్కింది. కొంగు నడుముకి దోపుకుని, పైనుంచి చాలాసేపు చూసింది. తమ్ముడు కింద కుంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ దిగొచ్చి, సుద్దముక్కని గూట్లో పెట్టేసి, "తర్వాత చూస్తాలే" అని తన వీధి దగ్గరికి వెళ్ళిపోయింది. తమ్ముడికి ఆ పూట భోజనం రెండింతలు సాగింది. ఆ తర్వాత కూడా అంతే. ఎక్కడం, చూడడం, ఏమీ అనకుండా దిగడం. నదికి గట్లు వచ్చాయి, నీళ్ళలో గట్ల నీడలు వచ్చాయి, మధ్యలో సుడులు తిరిగాయి. అక్క నోరు తెరవలేదు. తమ్ముడు పని ఆపి అడుగు వెనక్కి వేసినప్పుడల్లా ఏదో వెలితిగా ఉండేది గానీ, అలసట అనుకున్నాడు.

అక్కకి కనబడుతున్నది మాత్రం తెల్లటి జిగురుగుడ్డ ఒక్కటే. తమ్ముడు కుంచె ముంచుతున్నాడు, వంగుతున్నాడు, లేస్తున్నాడు. గుడ్డ మాత్రం తెల్లగానే ఉంది. మొదట, ఇంకా వట్టి నీళ్ళపూతే వేస్తున్నాడేమో అనుకుంది. తర్వాత, పాడైపోయి మళ్ళీ కొత్త గుడ్డ పరిచాడేమో అనుకుంది. పాడైన సంగతి చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడని జాలిపడి, అడగలేదు. జాలిపడ్డ సంగతి పైకి కనబడడం ఆవిడకి ఇష్టం ఉండదు.

రంగు లేని గుడ్డ మీద వట్టి కాళ్ళతో నడవడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. ఆ పొద్దున ఉతికిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని, చుట్టు తిరిగిపోవడమెందుకని ఆవిడ అడ్డంగా నడిచింది. కాలికి తడి తగిలింది. జిగురేమో అనుకుంది. గడప దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే, సిమెంటు నేల మీద తన అడుగులు నీలంగా ఉన్నాయి. గుడ్డ మీద అడుగూ లేదు, నీలమూ లేదు. అక్క బుట్ట దింపి గడప మీద కూర్చుంది. అరికాలు తిప్పి చూసుకుంది. వేలితో రాసి వాసన చూసింది. నీలమే.

తమ్ముడు పరుగున వచ్చాడు. "కావాలనే తొక్కావు."

"ఎప్పుడు వేశావురా రంగు?" అంది అక్క. నిజంగానే అడిగింది.

తమ్ముడికి అది ఎత్తిపొడుపులా తగిలింది. "ఓహో. నేను వేసింది రంగు కూడా కాదన్నమాట. సుద్ద పెట్టడానికి తప్పు దొరక్క కాలు పెట్టావు. పోనీ, తొక్కితే తొక్కావు, తడబడి తొక్కానన్నా అనొచ్చుగా."

అక్క మళ్ళీ అరికాలు తిప్పి చూసుకుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోయేసరికి తమ్ముడికి ఇంకా మండింది. కుట్టుమిషను చప్పుడు ఆగిపోయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

అడుగులు చెరిపితే నీళ్ళు మురికిపడతాయి. తమ్ముడు పళ్ళు కొరుక్కుంటూనే ఒక్కొక్క అడుగుకీ కింద నీడ ఇచ్చి, పైన కాస్త బూడిదరంగు వేసి, వాటిని నీళ్ళలోంచి పైకి లేచిన రాళ్ళుగా మార్చాడు. మార్చి అడుగు వెనక్కి వేశాడు. రాళ్ళు రాళ్ళలాగే ఉన్నాయి. అంతకుమించి అతనికి ఏమీ అనిపించలేదు.

ఆ వారమే అక్క ఎవరికీ చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గోడ మీద అక్షరాలు పై నుంచి కింది దాకా, చీమతలంతవి కూడా చదివేసింది. అక్షరాల అట్ట వేసినవాడు ఒక గీత వంకరగా గీశాడని కూడా చెప్పింది. డాక్టరు నవ్వి, "అమ్మా, ఇంత చూపుంటే నా కొట్టు మూసుకోవాలి" అన్నాడు. ఆవిడ నమ్మలేదు. చూపు పోయేవాళ్ళకి ముందు ఒక మూల పోతుందని, తర్వాత ఇంకో మూల పోతుందని ఎక్కడో విన్నది. తనకి ఆ మూల తమ్ముడి వైపు నుంచి మొదలైందనుకుంది. ఇంటికొచ్చి, సగంలో ఉన్న వీధిని వదిలేసి, కుంచెలన్నీ కడిగి, తుడిచి, పాత చీరముక్కలో మూట కట్టింది.

మరదలు పొయ్యి మీద జిగురు కలుపుతోంది. తమ్ముడి భార్య. ఆ ఇంట్లో గుడ్డలు కలిపి కుట్టేదీ, జిగురు కాచేదీ ఆ పిల్లే. అక్క మూట తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

"ఇవి నీకమ్మాయీ. కిటికీల దుమ్ము దులుపుకోడానికి పనికొస్తాయి."

"ఇవా? వీటిని నేను ముట్టుకుంటేనే చెయ్యి విరగ్గొడతానన్నారు కదా వదినా."

"అప్పుడన్నాను." అక్క వెళ్ళబోయి ఆగింది. గొంతు తగ్గించి అడిగింది. "వాడు నది మొదలుపెట్టాడా?"

మరదలు గరిటె ఆపింది. "మొదలుపెట్టడమేమిటి వదినా. అయిపోవస్తేనూ. మీరు రోజూ అటకెక్కి చూస్తూనే ఉన్నారుగా."

"చూస్తూనే ఉన్నాను" అని అక్క వెళ్ళిపోయింది.

మరదలు జిగురు మాడబెట్టింది. ఆ వాసనకి వచ్చిన మొగుడితో ఉన్నదున్నట్టు చెప్పింది. "మీ అక్కకి మీ నది కనబడడం లేదు. వేళాకోళం కాదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కుంచెలు నాకిచ్చేసింది, దుమ్ము దులుపుకోమని."

తమ్ముడు మూట వంక చూశాడు. పెరటావిడ తీస్తే అన్నీ కలిపి తియ్యాలన్న మాట అప్పుడు తలకెక్కింది. అక్కకి తప్పులు కనబడకుండా పోవడమంటే తెరే కనబడకుండా పోవడం. వేలెడంత తెలివున్నవాడికి ఆ రోజే తట్టాల్సింది.

అక్క సావడిలో అటక మెట్టు మీద కూర్చుని ఉంది. తన వీధి వంక ఒక కన్ను మూసి చూస్తోంది, తర్వాత రెండో కన్ను మూసి చూస్తోంది.

"కళ్ళకేం కాలేదక్కా" అన్నాడు తమ్ముడు. "నేనే పెరటివాళ్ళని అడిగాను."

"ఏమడిగావు?"

"నా తెరల్లో నీకు తప్పు కనబడకూడదని."

అక్క కన్ను తెరిచింది. "నా వీధి కనబడుతోంది. డాక్టరు గోడ కనబడింది. నీ మొహం కనబడుతోంది, అదొక దరిద్రం. నీ తెరే కనబడడం లేదు. అంతేనా?"

"అంతే."

"ఇంకేమీ పోలేదు కదా? ముందుముందు పోయేది కూడా ఏమీ లేదు కదా?"

"లేదక్కా. ఒట్టు."

అక్క గోడకి జారగిలబడి కాసేపు కళ్ళు మూసుకుంది. తమ్ముడు తిట్లకి సిద్ధంగా తల వంచుకుని నిలబడ్డాడు. నిజానికి వాటి కోసమే ఎదురుచూస్తున్నాడు.

"ఆ మూట ఇలా తెచ్చివ్వు. మీ ఆవిడ నిజంగానే దుమ్ము దులిపేయగలదు" అంది అక్క.

అంతే. కుంచెలు తెచ్చిస్తే తీసుకుని సగంలో ఉన్న తన వీధిలోకి దిగింది.

ఆ రోజు నుంచి అక్క పని చేసే తీరే మారిపోయింది. పొద్దున్నే వెలుతురు పడగానే తన గుడ్డ మీద ఉండేది. అటకెక్కడం లేదు, తమ్ముడి పక్కకి రావడం లేదు, ఏదో గొణుగుడు పాట పాడుకుంటూ వేసుకుపోయేది. వీధికి సందులొచ్చాయి. ఒక ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. అరుగు మీద ఒక కుక్క ఒళ్ళు విరుచుకుంటోంది. మేడ మీద ఎవరో దులిపిన పక్కగుడ్డ గాల్లో సగంలో ఉంది. ఇంతకుముందు అక్క వేసిన వీధులు చీపురు పెట్టి ఊడ్చినట్టుండేవి. ఇందులో మనుషులు ఇప్పుడే లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చేలా ఉన్నారు.

తమ్ముడు ఇంటి పద్ధతి ప్రకారం అటకెక్కి చూశాడు. దిగొచ్చి ఎడమవైపు గోడ మీద సుద్దతో సున్నా చుట్టాడు. "ఇది ఒరిగింది."

అక్క తల ఎత్తి చూసి, బొటనవేలితో సుద్ద చెరిపేసింది. "ఒరగనీ. నాకు ఒరిగిన గోడే కావాలి."

పుట్టి బుద్ధెరిగాక అక్క అతని సుద్ద చెరపడం అదే మొదలు. కోపంగా కూడా చెరపలేదు. పక్కనున్న బిందె జరిపినట్టు చెరిపింది.

తమ్ముడు తన నది దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అయిపోయింది, ఇక వేసేదేమీ లేదు. అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి వేశాడు. గోడ దాకా వెళ్ళాడు. నీళ్ళున్నాయి, గట్లున్నాయి, రాళ్ళున్నాయి. ఇంకొకరి ఇంటి గోడ చూస్తున్నట్టుంది. అలసట కాదని ఎప్పుడో తెలిసింది, ఒప్పుకోడానికే ఇన్నాళ్ళు పట్టింది.

"ఎలా ఉంది?" అని భార్యని అడిగాడు.

"బాగుంది."

"ఎక్కడ బాగుంది?"

"అంతా బాగుంది."

"అంతా అంటే?"

"నన్నడిగితే జిగురు గట్టిగా పట్టిందని చెప్తాను. మిగతాది నాకేం తెలుసు? మీరు వేసింది మీకు తెలియదూ?" అంది మరదలు. ఆమెకి చురక వెయ్యాలని లేదు. మామూలుగానే అంది.

తొట్టి దగ్గర పెరటావిడ ఆ రోజు నీలంగా ఉంది. పక్కన ఇంకా ఇద్దరు ముగ్గురు చేరారు. అందరూ మొహాల్లో ఏదో వెలుగు పెట్టుకుని తమ చేతులు తామే చూసుకుంటున్నారు, ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

"రెండూ తిరిగి ఇచ్చేయండి" అన్నాడు తమ్ముడు. "నా మురిపెం, అక్క చూపు."

"నీది ఖర్చయిపోయిందబ్బాయ్. తలా కాస్త పంచుకున్నాం. అంత ఉంటుందనుకోలేదు. దండిగా ఉంది." ఆవిడ నీలం వేళ్ళు చాపి ముచ్చటగా చూసుకుంది. "మీ అక్కది అలా కాదు. దాన్ని మేము వాడుకోలేదు, పక్కన పెట్టామంతే. ఆవిడ వచ్చి ఇమ్మంటే ఇచ్చేస్తాం. బదులు కూడా అక్కర్లేదు."

"నేను ఇమ్మంటున్నాగా."

"పోయింది నీదా?"

తమ్ముడు ఆ పూటే అక్కని అడగొచ్చు. నోరు రాలేదు. పేరు మూలన పడ్డాక అడుగుదాం, అప్పుడు చిన్నతనం ఉండదు అనుకున్నాడు.

తెరలు రెండూ నాటకశాలకి చేరాయి. నది మీద అక్క సుద్ద పడలేదు. సుద్ద పడకుండా ఆ గడప దాటిన మొదటి తెర అదే. మోసుకెళ్ళేవాళ్ళకి అదేమీ తెలియదు కాబట్టి మామూలుగానే భుజానికెత్తుకున్నారు. పొద్దుటిపూట, కుర్చీలన్నీ ఖాళీ. పై కిటికీల తలుపులు తెరిచి పెట్టారు. ముందు వీధిని దించారు. యజమాని తల పంకిస్తూ చూశాడు. వేదిక ఊడుస్తున్న ఆవిడ ఆ ఓరగా ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళి, లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు తొంగి చూసింది.

తర్వాత నదిని దించారు. కర్ర కిందికి వస్తున్నకొద్దీ నీళ్ళు విప్పుకుంటూ వచ్చాయి. యజమాని వేదిక దగ్గరికి నడిచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, "ఇదే ముందు కడదాం" అన్నాడు. "ఆ రాళ్ళున్నాయి చూశావూ, వాటి మీద కాలేసుకుంటూ అవతలికి వెళ్ళిపోవచ్చనిపిస్తోంది. ఎలా తట్టిందయ్యా నీకు? ఇదిగో, మూలన పేరు రాసుకో. మీ ఇంట్లో ఇంతకాలం ఎవరిదేదో తెలియలేదు గానీ, ఇప్పుడు తెలిసింది."

నాటకశాల వాళ్ళెవరో కుంచె అందించారు. తమ్ముడు అందుకోలేదు. మధ్య వరసలో కూర్చుని ఉన్న అక్క దగ్గరికి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. మరదలు వెనక వరసలో నిలబడింది.

"ఎలా ఉందక్కా?"

"తెల్లగా ఉంది."

"నువ్వు అడిగితే నీ చూపు తిరిగి ఇచ్చేస్తారట. ఉత్తినే."

"తెలుసు. మొన్న కుంచెలు కడుగుతుంటే పెరటావిడే చెప్పింది."

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "మరి అడగలేదేం?"

అక్క వేదిక మీదున్న తెల్లటి గుడ్డ వైపే చూస్తోంది. తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఇది నా చేత్తో వేశాను. బాగుందో లేదో నాకు తెలియడం లేదక్కా. ఆయన బాగుందంటున్నాడు, నాకు పట్టడం లేదు. వీధంతా వచ్చి బాగుందన్నా పట్టదు. నువ్వు ఒక్కసారి చూడు. చూసి తిట్టు. గవదబిళ్ళలని అను, దుప్పట్లని అను, ఏమన్నా సరే. అప్పుడే రాస్తాను పేరు."

"వదినా, ఈయనకి నిద్ర కూడా పట్టడం లేదు" అంది మరదలు వెనక నుంచి. "ఇంటికెళ్ళగానే ఒక్క మాట అడిగితే పోయిందిగా. మీకేం ఖర్చవుతుంది?"

యజమాని ఏమీ అర్థం కాక ఒకసారి అక్క మొహమూ, ఒకసారి తమ్ముడి మొహమూ చూస్తున్నాడు. అక్క లేచి, కొంగు సర్దుకుని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"చిన్నప్పటినుంచీ నీ తెర చూసి, సుద్ద పెట్టి, నువ్వు దిద్దుకునేదాకా నిలబడి, నా గుడ్డ దగ్గరికి వచ్చేసరికి వెలుతురు అయిపోయేదిరా. ఇప్పుడు అయిపోవడం లేదు. నేనడగను."